బుర్రకథ, రొయ్యల చెరువులు, ఒక రికార్డింగ్ పెట్టె

భీమవరంలో నాది చిన్న స్టూడియో. దేవుడి పాటలు, పెళ్ళి వీడియోలకు వాయిస్, ఎన్నికలొస్తే ఆటోల మీద తిప్పే ప్రచారం, వీటితోనే రోజులు గడుస్తాయి. రెండేళ్ళ కిందట, చలికాలం మొదట్లో, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ళ తాతగారు బుర్రకథ చెబుతారు. వయసు డెబ్భై దాటింది. బొబ్బిలి కథ మొత్తం, సుమారు మూడు గంటలు, గొంతు ఉండగానే రికార్డు చేసి పెట్టాలి. పని ఇంతే.

ముందు స్టూడియోలోనే ప్రయత్నించాను. ఆ తాతగారిని (ఇక నుంచి గురువుగారనే అంటాను) క్యాబిన్‌లో నిలబెట్టి, వంతలిద్దరినీ బయట కూర్చోబెట్టి, ముగ్గురికీ హెడ్‌ఫోన్లు ఇచ్చాను. పది నిమిషాలు కూడా సాగలేదు. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఎదర మనిషి లేకుండా కథ ఎవరికి చెప్పమంటావు బాబూ? ఈ గోడకా?"

తప్పు నాదే. బుర్రకథ మూడు ట్రాకులుగా, అంటే ఒక్కో గొంతు విడివిడిగా, విడదీసే సరుకు కాదు. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకు అందెలు. కుడి పక్క వంత రాజకీయం మాట్లాడతాడు, ఎడమ పక్క వంత హాస్యం. ఇద్దరి చేతుల్లో గుమ్మెటలనే చిన్న డోళ్ళు. కథకుడు ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తూ చెబుతాడు. వంతలు "తందాన తానా" అని అందుకునేది ఆయన భుజం కదలిక చూసి. వాళ్ళ మధ్య అద్దం గోడ పెడితే ఆ అందుకోవడమే పోతుంది. కుర్రతనంలో బుర్రకథ పితామహుడనే షేక్ నాజర్ గారి కథ చూసి ఈ దారి పట్టానని చెప్పుకునే మనిషిని నేను డబ్బింగ్ ఆర్టిస్టులా నిలబెట్టాను.

కాబట్టి వాళ్ళ ఊరే వెళ్ళి, వాళ్ళ ఇంటి వసారాలో, జనం ఎదుట రికార్డు చేయాలని తేల్చుకున్నాం. ఊరు కాళ్ళ మండలంలో ఉంది. చుట్టూ రొయ్యల చెరువులు.

ల్యాప్‌టాప్ ఎందుకు తీసుకెళ్ళలేదు

నాకు రెండు దారులున్నాయి. ల్యాప్‌టాప్, దానికి 8 ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే డబ్బా), సాఫ్ట్‌వేర్ ఒకటి. మైకు ప్రీయాంపు (మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచేది), రికార్డర్, మిక్సర్, ఎఫెక్టులు అన్నీ ఒకే డబ్బాలో ఉండే ఆల్ ఇన్ వన్ వర్క్‌స్టేషన్ రెండోది. ఈ జాతి కొత్తది కాదు. 1979లో టాస్కామ్ వాళ్ళ పోర్టాస్టూడియో 144 మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసింది. 1996లో రోలాండ్ వీఎస్-880 వచ్చింది. అది హార్డ్ డిస్కు మీద 8 ట్రాకులు, ఒక్కో ట్రాకు వెనక 8 వర్చువల్ ట్రాకులు (అదే ట్రాకుకు వేరే టేకులు దాచుకునే చోట్లు) ఇచ్చింది. ఇప్పటి పెట్టెలు ఎస్‌డీ కార్డు మీద రాస్తాయి.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. 24 ట్రాకులు, ఒకేసారి 8 ఇన్‌పుట్లు, 6 పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది.

ఇక్కడ ఒక మాట. కొనేవాళ్ళు మొదట బోల్తా పడేది ట్రాకుల లెక్క దగ్గర. డబ్బా మీద 8 ట్రాకులని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఒకేసారి ఎన్ని రికార్డవుతాయో లోపలెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాలకొల్లు వైపు ఒక భజన బృందం వాళ్ళు అలాగే కొన్నారు. ఇంటికెళ్ళి చూస్తే ఒకేసారి రెండే ఇన్‌పుట్లు. ఒక్కడే కూర్చుని గిటారు, తర్వాత గొంతు, తర్వాత కీబోర్డు పేర్చుకునేవాడికి అది చక్కగా సరిపోతుంది. పదిమంది కలిసి పాడే భజనకు పనికిరాదు. పెట్టె మంచిదే, మనిషి మారాడంతే.

ల్యాప్‌టాప్ వద్దనుకోవడానికి నా కారణాలు చాలా మామూలువి. వసారాలో మైకుకు మూడు గజాల దూరంలో దాని ఫ్యాను తిరుగుతుంటే ఆ శబ్దం మైకులో పడుతుంది. ఇంటర్‌ఫేసుకు వేరే కరెంటు కావాలి. మధ్యలో అప్‌డేటు అడగదని నమ్మకం లేదు. అన్నిటికీ మించి, తెర ఉంటే నా కళ్ళు దాని మీదే ఉంటాయి. పెట్టెకు ఫ్యాను లేదు, చూడ్డానికి పెద్ద తెరా లేదు. ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) మీద వేలు, కళ్ళు గురువుగారి మీద.

ఇక డ్రమ్ మెషిన్, గిటార్ యాంప్ మోడళ్ళు, శాంప్లర్ అంటూ డబ్బా మీద రాసిన మిగతా సరంజామాని ఈ పనిలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

మైకులు, లెవెళ్ళు

8 ఇన్‌పుట్లూ నిండాయి. ముందు రెండు మీటర్ల దూరంలో, గుండె ఎత్తున, ఒక జత చిన్న కండెన్సర్ మైకులు. ముగ్గురికీ తలా ఒక డైనమిక్ మైకు (కరెంటు అక్కర్లేని రకం) స్టాండు మీద. గుమ్మెటలకు ఒక్కోటి. ఎనిమిదోది ఇంకో కండెన్సర్, నేలకు జానెడు ఎత్తున, గురువుగారి గజ్జెల కోసం.

గురువుగారికి కాలర్ మైకు పెడదామనుకున్నాను గానీ తంబురా పట్టీ దానికి రాసుకుని గరగరమంది. తీసేశాను.

కండెన్సర్లకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్లోంచే అందే కరెంటు, కావాలి. ఈ పెట్టెలో అది నాలుగు ఇన్‌పుట్లకే ఉంది, నాలుగింటికీ కలిపి ఒకటే స్విచ్. జత మైకులు, గజ్జెల మైకు పోను నాలుగో దానికి ఒక డైనమిక్ తగిలించక తప్పలేదు. కేబుల్ సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు కేబుల్) అయితే డైనమిక్ మైకుకు ఫాంటమ్ వల్ల ఏమీ కాదు. కేబుల్లో తేడా ఉంటేనే గొడవ, అందుకని ఆ ఒక్కదానికి కొత్త కేబుల్ వేశాను.

రికార్డింగ్ 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 44,100 శాంపిళ్ళు (శబ్దపు కొలతలు), ఒక్కోటి 24 బిట్లు. 24 బిట్ ఎందుకంటే లెవెల్ తగ్గించి తీసుకునే వెసులుబాటు కోసం. బుర్రకథలో లెవెల్ ఊహకు అందదు. పాపారాయుడి కోపం వచ్చేసరికి గొంతు మూడింతలవుతుంది, పైగా ఆయన మైకు మీదకి అడుగేస్తారు. క్యాసెట్ రోజుల్లో ముల్లు ఎర్రగీత దాటినా టేపు దాన్ని కాస్త మెత్తబరిచి మింగేసేది, కొన్నిసార్లు వినడానికి అదే బాగుండేది. డిజిటల్‌లో సున్నా దాటితే అలలు పైన కోసేసినట్టు తెగిపోతాయి, తర్వాత అతకడం ఉండదు. అందుకని గురువుగారిని "ఎంత గట్టిగా తిట్టగలరో అంత గట్టిగా తిట్టండి" అని అడిగి, ఆ తిట్టు మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలనేది) పెట్టాను. ఏం తిట్టారో రాయను. వంతలిద్దరూ నవ్వి నవ్వి గుమ్మెటలు కింద పెట్టేశారు.

పెట్టెలో ఎఫెక్టులు రెండు చోట్ల వేసుకోవచ్చు. రికార్డయ్యే దారిలో వేస్తే అవి శబ్దంతో పాటే కార్డు మీద పడిపోతాయి. వినే దారిలో వేస్తే చెవికి మాత్రమే. నేను మొదటి దాని జోలికి పోలేదు. ఆల్ ఇన్ వన్ పెట్టెలతో పనిచేసే కుర్రాళ్ళు రివెర్బ్ (ప్రతిధ్వని) వేసి రికార్డు చేసుకొచ్చి "అన్నయ్యా, కొంచెం తగ్గించవా" అంటుంటారు. పులుసులో వేసిన ఉప్పు తీయమన్నట్టుంటుంది.

చెరువుల లెక్క

ఊరికి ముందే ఒకసారి సాయంత్రం వెళ్ళి చూసొచ్చాను. చీకటి పడేసరికి చుట్టూ ఏరేటర్లు మొదలయ్యాయి. చెరువులో తెడ్ల చక్రాలు తిరుగుతుంటే ఆ చప్పుడు ఊరంతటికీ ఒక దుప్పటి కప్పినట్టుంటుంది. "ఒక్క మూడు గంటలు ఆపుతారా" అని పక్క చెరువు రైతును అడిగితే ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

"ఆపితే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్దండీ!"

నిజమే. పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. అందుకే రాత్రంతా చక్రాలు తిరగాలి. ఆ రైతే దారి చెప్పారు: మంచి ఎండ కాసే మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చాలా చెరువుల్లో ఏరేటర్లు ఆగి ఉంటాయి. బుర్రకథ రాత్రి చెప్పేది గదా అని గురువుగారు కాసేపు గునిసి, చివరికి ఒప్పుకున్నారు.

మొదటి రోజు

రెండింటికి మొదలవ్వాల్సింది మూడున్నర అయింది. భోజనాలు, వచ్చిన చుట్టాలు, గురువుగారి కునుకు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వసారా దాకా లాగి, పెట్టెను అడాప్టర్ మీద పెట్టాను. బ్యాటరీలు లోపల లేవు. పెట్టె చాన్నాళ్ళు ఖాళీగా ఉంటే అవి లోపలే కారి కాంటాక్టులు పాడవుతాయని ఎప్పుడూ తీసేసి ఉంచుతాను. కొత్త సెట్టు కార్లో సంచిలో ఉంది. వేద్దాంలే అనుకున్నాను.

హెడ్‌ఫోన్లో సన్నగా "జుమ్" అని వినపడింది. ఎక్కడో దూరంగా మోటారు తిరుగుతోందనుకుని వదిలేశాను.

మొదటి గంట బాగా జరిగింది. రెండో టేక్ అయిదు దాటాక మొదలైంది. గురువుగారు ఊపులో ఉన్నారు, ఆపడానికి నాకు మనసొప్పలేదు. 41వ నిమిషంలో చుట్టుపక్కల ఏరేటర్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వసారాలో లైటు మసకబారింది, మళ్ళీ వెలిగింది. లైటు వెలిగింది గానీ పెట్టె ఆరిపోయింది.

గురువుగారికి ఆ సంగతి తెలీదు. ఇంకో పావుగంట చెప్పారు. నేను పెట్టె ముందు చేతులు కట్టుకుని కూర్చుని విన్నాను.

మళ్ళీ ఆన్ చేస్తే ఆ టేకులో 8 ఫైళ్ళ పేర్లున్నాయి, సైజు మాత్రం సున్నా. చాలా పెట్టెల్లో ఫైలు ఎంత పొడవో, కార్డులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాసుకునేది స్టాప్ నొక్కాకే. స్టాప్ నొక్కకముందే ప్రాణం పోతే శబ్దం కార్డు మీద ఉంటుంది గానీ దాని చిరునామా ఉండదు.

చేసిన ఒకే ఒక్క తెలివైన పని, కార్డును వెంటనే బయటకు తీసి, దాని అంచున ఉండే చిన్న లాక్ మీటను కిందికి జరిపి, చొక్కా జేబులో పెట్టుకోవడం. ఆ కార్డు మీద ఇంకొక్క నిమిషం రికార్డు చేసినా పాత శబ్దం మీద కొత్తది పడేది.

పావు సెకను ముక్కలు

ఆ రాత్రి స్టూడియోలో ముందు కార్డు మొత్తానికి నకలు తీశాను. పనంతా నకలు మీదే. ఫైళ్ళను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఏమీ దొరకలేదు. అప్పుడు ఆ ముడి డేటానే 24 బిట్, మోనో, 44.1 అని చెప్పి ఆడియో ఎడిటర్‌లో తెరిచాను.

వినపడింది ఇది: ఒక గుమ్మెట దెబ్బ, వెంటనే జడివాన లాంటి హోరు, గురువుగారి సగం అక్షరం, మళ్ళీ హోరు, గజ్జె, హోరు.

కాసేపటికి అర్థమైంది. కార్డు మీద చోటు 32 కేబీల గదులుగా ఉంది. ఈ లెక్కలో ఒక సెకను శబ్దానికి 1,32,300 బైట్లు పడుతుంది, అంటే ఒక గదిలో పట్టేది పావు సెకను. పెట్టె 8 ట్రాకులను ఒకేసారి రాస్తోంది కాబట్టి ఒకటో ట్రాకుకు ఒక గది, రెండో ట్రాకుకు పక్క గది, అలా పేక పంచినట్టు పంచుకుంటూ పోయింది. మరి హోరు ఎందుకు? 24 బిట్ శబ్దంలో ఒక్కో శాంపిల్ మూడు బైట్లు. 32 కేబీని మూడుతో భాగిస్తే రెండు మిగులుతాయి. గది మారినప్పుడు చాలాసార్లు శాంపిల్ మధ్యలో తెగుతుంది. అందుకే మూడు గదుల్లో ఒక్కటే సరిగ్గా పలుకుతోంది.

ప్రతి ఎనిమిదో గదినీ ఏరి వరసగా కుడితే ఒక ట్రాకు అవుతుంది. 41 నిమిషాలంటే ట్రాకుకు దాదాపు పదివేల గదులు, చేత్తో అయ్యే పని కాదు. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు రాత్రి కూర్చుని పాతిక లైన్ల ప్రోగ్రాం రాశాడు. "మావయ్యా, బ్యాటరీలు వేసుంటే పోయేది కదా" అన్నాడు పొద్దున. 33 నిమిషాలు శుభ్రంగా వచ్చాయి. ఆ తర్వాత గదుల వరస తప్పింది, ట్రాకులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. మిగతా ఎనిమిది నిమిషాలూ పోయినట్టే.

రెండో రోజు

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి అడాప్టర్ కార్లోనే ఉంచి, పెట్టెను పూర్తిగా బ్యాటరీల మీద నడిపాను. అలా చేశాక ఒకటి బయటపడింది: మొదటి రోజు వినపడ్డ "జుమ్" లేదు. అది మోటారు కాదు, ఆ పాత ఇంటి వైరింగులోంచి అడాప్టర్ మోసుకొచ్చిన 50 హెర్ట్జ్ హమ్. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళల్లో ఇది మామూలే. నేను నాలుగు రోజులు రొయ్యల రైతులను తిట్టుకున్నాను.

బ్యాటరీలతో రెండు చిక్కులున్నాయి. ఫాంటమ్ వేస్తే అవి త్వరగా దిగిపోతాయి. మా పెట్టెకు ఒక సెట్టు రెండు గంటలు మించి రాదు. రెండోది మెనూలో బ్యాటరీ రకం. రీచార్జబుల్ సెల్లు 1.2 వోల్టులు, మామూలు ఆల్కలైన్ 1.5. మెనూలో ఆల్కలైన్ అని ఉంచి రీచార్జబుల్ వేస్తే నిండు సెల్లును కూడా సగం ఖాళీ అని చూపిస్తుంది. ఇదే తిరగేసి జరిగితే ఇంకా ప్రమాదం, నిండుగా ఉందనుకుంటుండగానే ఆరిపోతుంది. మూడు సెట్లు చార్జి చేసి తీసుకెళ్ళి, గంటకోసారి మార్చాను.

టేకులు కూడా పొట్టివి చేశాను. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు ఒకసారి, వంతలు పల్లవి అందుకుని తెగ్గొట్టే చోట స్టాప్. ఆ సందులో మంచినీళ్ళు.

ఒకచోట గురువుగారు రెండు వరసలు తారుమారు చేశారు. మనవడు "పంచ్ ఇన్ చేయొచ్చు కదండీ" అన్నాడు. ఈ పెట్టెలో పంచ్ ఇన్ (తప్పు పడిన ముక్క మీదే మళ్ళీ రికార్డు చేయడం) ఉంది, వర్చువల్ ట్రాకులూ ఉన్నాయి, కానీ ఇక్కడ వాటితో పని జరగదు. ఆయన గొంతు ఆయన మైకులోనే కాదు, ఎనిమిదింటిలోనూ ఉంది. ఒక ట్రాకులో మాట మారిస్తే మిగతా ఏడింటిలో పాత మాట దెయ్యంలా వినపడుతుంది. అందుకని వెనక పల్లవి దగ్గర్నుంచి ముగ్గురినీ మళ్ళీ అందుకోమన్నాను.

"మళ్ళీనా?" అన్నారు హాస్యం చెప్పే ఆయన.

"ఆయ్, మళ్ళీనేనండీ," అన్నాను.

రెండోసారి చెప్పింది మొదటిదానికన్నా బాగా వచ్చింది. అతుకు గుమ్మెట దెబ్బ మీద పెట్టాను కాబట్టి తెలియదు. పోయిన ఎనిమిది నిమిషాల ఘట్టాన్నీ అలాగే ముందు పల్లవి నుంచి చెప్పించి, దొరికిన 33 నిమిషాలకు కలిపాను. మొదటి రోజు ముక్కల్లో ఉన్న హమ్‌ను 50, 100 హెర్ట్జ్ దగ్గర సన్నగా కోసి తగ్గించాను. గుమ్మెట మోత కాస్త పలచబడింది, గమనించే చెవి ఉంటే తెలుస్తుంది.

మిక్సింగ్

కత్తిరింపులు పెట్టె మీద చేయలేదు. అగ్గిపెట్టె అంత తెర మీద చక్రం తిప్పుతూ మూడు గంటల కథను ఎడిట్ చేసే ఓపిక నాకు లేదు, ఎవరికైనా చేయమని చెప్పను కూడా. కార్డులోని వేవ్ ఫైళ్ళు తిన్నగా కంప్యూటర్‌లోకి వచ్చేస్తాయి. 8 ట్రాకులకు గంటకు 3.8 జీబీ చొప్పున, అంతా కలిపి 32 జీబీ కార్డులో సగం కూడా నిండలేదు.

అసలు శబ్దం జత మైకులదే. వసారా, జనం "ఆహా" అనడం, ముగ్గురి మధ్య దూరం అన్నీ అందులోనే ఉన్నాయి. దగ్గరి మైకులు మాట స్పష్టత కోసం కొంచెం కొంచెం. అయితే జత మైకులకు శబ్దం దగ్గరి మైకుల కన్నా మీటరున్నర పైగా ఎక్కువ ప్రయాణించి చేరుతుంది, అంటే సుమారు 5 మిల్లీసెకన్లు ఆలస్యం. రెండూ కలిపితే గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంది. దగ్గరి ట్రాకులను కూడా ఆ 5 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాక గొంతు నిలబడింది.

ఎడిట్ అయినవి మళ్ళీ పెట్టెలోకి ఎక్కించి చివరి మిక్స్ ఫేడర్ల మీదే చేశాను. చాదస్తమనుకోండి. ఆయన మైకు మీదకి అడుగేసినప్పుడల్లా గజ్జె ముందుగా మోగుతుంది. ఆ మోత వినగానే వేలు గొంతు ఫేడర్‌ను కిందికి లాగేది. మౌసుతో గీతలు గీస్తే మూడు రోజులు పట్టే పని ఒక పూటలో అయింది.

మనవడికి నచ్చింది. గురువుగారు వసారాలో ఫోన్ స్పీకర్లో మొదటి పావుగంట విన్నారు, మొహం చిట్లించారు.

"కుడి పక్కాయన గుమ్మెట నా మాట మింగేస్తోంది బాబూ. వాడు ఎప్పుడూ అంతే, ముప్పై ఏళ్ళ నుంచి చెబుతున్నాను."

వెనక్కి వచ్చి ఏడో ట్రాకు 3 డెసిబెల్స్ తగ్గించి, ఇంకో కాపీ పంపాను.